ఆన్‌ఫీల్డ్: ఇళ్ల మధ్య ఇరుక్కుని పెరిగిన స్టేడియం

1952 ఫిబ్రవరి 2న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ తన సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్‌తో ఎఫ్.ఎ. కప్ అనే నాకౌట్ టోర్నీ మ్యాచ్ ఆడింది. ఆ రోజు వచ్చిన జనం 61,905 మంది. ఆ రికార్డు ఇప్పటికీ చెరగలేదు. ఇవాళ అదే స్టేడియం సామర్థ్యం 61,276. అంటే డెబ్భై ఏళ్లు గడిచి, కోట్ల పౌండ్లు ఖర్చయ్యాక కూడా అప్పుడు పట్టినంత మందే ఇప్పుడూ పడుతున్నారు. తేడా ఒక్కటే. అప్పుడు ఎక్కువమంది నిలబడ్డారు, ఇప్పుడు అందరికీ సీటు ఉంది. ఈ ఒక్క మార్పు కోసం స్టేడియం చుట్టూ ఒక వీధి మాయమైంది, ఇంకో వీధి పక్కకు జరిగింది, వరుసలకు వరుసలు ఇళ్లు నేలమట్టమయ్యాయి.

ఆన్‌ఫీల్డ్ గురించి రాసేవాళ్లు సాధారణంగా అభిమానుల హోరు దగ్గర ఆగిపోతారు. కానీ ఈ స్టేడియం ఇలా ఎందుకు తయారైందో తెలియాలంటే ప్రహరీ గోడ అవతల చూడాలి. ఇక్కడ ప్రతి స్టాండ్ (ప్రేక్షకుల గ్యాలరీ) ఎత్తునూ, లోతునూ, అది లేచిన ఏడాదినీ ఎక్కువగా నిర్ణయించింది పక్కనున్న వీధే.

అద్దె తగాదాలో పుట్టిన క్లబ్

ఈ మైదానంలో మొదట ఆడింది లివర్‌పూల్ కాదు, ఎవర్టన్. 1884 సెప్టెంబరులో ఎర్ల్స్‌టౌన్‌పై 5-0తో గెలిచి ఎవర్టన్ ఇక్కడ ఖాతా తెరిచింది. స్థలం ఏర్పాటు చేసినవాడు ఆ క్లబ్ అధ్యక్షుడు జాన్ హౌల్డింగ్. ఆయన బీరు వ్యాపారి, తర్వాతి కాలంలో నగర మేయర్ కూడా. మైదానం ఆయన చేతికి వచ్చాక అద్దె కొన్నేళ్లలోనే రెట్టింపుకు మించి పెరిగింది. మ్యాచ్‌ల దగ్గర తినుబండారాలు, పానీయాలు ఎవరు అమ్మాలన్నదీ గొడవైంది. 1892లో ఎవర్టన్ సభ్యులు విసిగిపోయి స్టాన్లీ పార్కుకు అవతలి వైపు గూడిసన్ పార్క్ కట్టుకుని వెళ్లిపోయారు. హౌల్డింగ్ చేతిలో మైదానం మిగిలింది, ఆడే జట్టు లేదు. దాంతో 1892 మార్చి 15న కొత్త క్లబ్ పెట్టాడు. అదే లివర్‌పూల్. క్లబ్ కోసం స్టేడియం కట్టడం మామూలు. ఇక్కడ స్టేడియం ఖాళీగా పడి ఉండకూడదని క్లబ్ పుట్టింది.

1895లో మెయిన్ స్టాండ్, 1903లో ఆన్‌ఫీల్డ్ రోడ్ వైపు చెక్క, రేకులతో ఇంకో స్టాండ్ లేచాయి. 1906లో, రెండోసారి లీగ్ గెలిచిన ఏడాది, వాల్టన్ బ్రెక్ రోడ్ వైపు గోల్ వెనక పెద్ద మట్టి దిబ్బ పోసి, దాన్ని మెట్లుగా మలిచారు. స్థానిక పత్రిక క్రీడా సంపాదకుడు ఎర్నెస్ట్ ఎడ్వర్డ్స్ దానికి స్పియన్ కాప్ అన్న పేరు సూచించాడు. దక్షిణాఫ్రికాలో 1900 జనవరిలో బోయర్లతో (అక్కడి డచ్ సంతతివాళ్లతో) జరిగిన యుద్ధంలో లాంకషైర్ రెజిమెంట్ల సైనికులు చాలామంది చనిపోయిన కొండ అది. గాంధీ కూడగట్టిన భారతీయ అంబులెన్స్ దళం గాయపడినవారిని స్ట్రెచర్ల మీద మోసిందీ ఆ కొండ దగ్గరే. ఆ దళంలో ఎక్కువమంది నేటాల్‌లోని కూలీలు. మద్రాసు రేవు నుంచి నేటాల్ వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉండేవారు.

కాప్ పక్కన నిలబడ్డ జెండా కొయ్యకూ ఒక చరిత్ర ఉంది. అది గ్రేట్ ఈస్టర్న్ అనే ఓడ తెరచాప స్తంభం పైభాగం. 1858లో నీటిలోకి దిగినప్పుడు ప్రపంచంలో అంత పెద్ద ఓడ లేదు. బొంబాయికి సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగ వేసింది ఆ ఓడే. 1889-90లో మెర్సీ నది ఒడ్డున దాన్ని ముక్కలు చేసి అమ్మినప్పుడు ఈ స్తంభాన్ని కొని, నదిలో తేలించి ఇవతలికి తెచ్చి, గుర్రాలతో లాగించి ఇక్కడ పాతారు. చుట్టూ ఉన్న స్టాండ్లన్నీ మారిపోయినా కొయ్య మాత్రం అలాగే ఉంది.

30 వేల మంది నిలబడ్డ చోట 12 వేల సీట్లు

1928లో కాప్‌ను పెంచి పైకప్పు వేశారు. దాదాపు 30 వేల మంది నిలబడేవారు. ఇంగ్లండ్‌లో కప్పు ఉన్న అతిపెద్ద నిలుచునే గ్యాలరీల్లో అది ఒకటి. లోతైన మెట్ల మీద కప్పు వాలుగా మైదానం వైపు దిగడంతో, కింద పుట్టిన శబ్దం పైకి పోకుండా పిచ్ మీదికే మళ్లేది. కాప్ హోరుకున్న పేరులో సగం ఆ రేకుల కప్పుదే.

అలాంటి గ్యాలరీలో బరువు పైనుంచి కిందికి నెడుతుంది. గోల్ పడగానే వెనకవాళ్లు ముందుకు తూలుతారు. ఆ తోపును ముక్కలు చేయడానికి మెట్ల మధ్య అక్కడక్కడా ఇనుప అడ్డుకమ్మీలు బిగిస్తారు. కమ్మీల మధ్య దూరం ఎక్కువైతే తోపు కింది వరుసకు చేరేసరికి భరించలేనంత అవుతుంది. ముందు కంచె కూడా ఉంటే జనానికి తప్పించుకునే దారి ఉండదు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మధ్య ఎఫ్.ఎ. కప్ సెమీఫైనల్లో అదే జరిగింది. పోలీసులు ఒక పెద్ద గేటు తెరిచారు. అప్పటికే నిండిపోయిన మధ్య భాగాల్లోకి వెళ్లే సొరంగ మార్గాన్ని మాత్రం మూయలేదు. ఆ తొక్కిడికి 97 మంది లివర్‌పూల్ అభిమానులు బలయ్యారు. చివరి బాధితుడు గాయాల తాలూకు సమస్యలతో 2021లో కన్నుమూశాడు. న్యాయమూర్తి టేలర్ 1990 జనవరిలో ఇచ్చిన తుది నివేదిక సిఫార్సు మేరకు, పై రెండు డివిజన్ల క్లబ్బులు 1994 కల్లా స్టేడియంలో అందరికీ సీట్లు వేయాల్సి వచ్చింది.

1994 ఏప్రిల్ 30న నార్విచ్ సిటీతో మ్యాచ్ నిలుచునే కాప్‌కు ఆఖరిది. లివర్‌పూల్ 0-1తో ఓడింది. తర్వాత దిబ్బను తవ్వి కట్టిన కొత్త కాప్‌లో సీట్లు 12,390.

ముప్పై వేలు పన్నెండు వేలు ఎలా అయ్యాయో లెక్క వేయవచ్చు. బ్రిటన్ స్టేడియం భద్రతా మార్గదర్శిని, అక్కడ గ్రీన్ గైడ్ అంటారు, నిలుచునే చోట ప్రతి 10 చదరపు మీటర్లకు గరిష్ఠంగా 47 మందిని అనుమతిస్తుంది. సీటు వేస్తే ఒక్కొక్కరికి దాదాపు అర మీటరు వెడల్పు, వరుసకు 70 నుంచి 80 సెంటీమీటర్ల లోతు కావాలి. ఆ లెక్కన 10 చదరపు మీటర్లలో 25 నుంచి 28 మందే పడతారు. దారులు, మెట్లు, గేట్లు మినహాయిస్తే ఇంకా తగ్గుతుంది. అంటే నిబంధనల ప్రకారమే దాదాపు సగం పోతుంది. పాత రోజుల్లో కాప్ మీద నిబంధనకు మించిన జనం ఉండేవారు కాబట్టి కోత మరింత పెద్దదిగా కనిపించింది.

2021లో కాప్‌లోనూ, ఆన్‌ఫీల్డ్ రోడ్ కింది అంతస్తులోనూ రైల్ సీటింగ్ బిగించారు. ప్రతి వరుస వెనకా నడుము ఎత్తున ఇనుప కమ్మీ ఉంటుంది, సీటు మడిచి నిలబడవచ్చు. దీంతో సామర్థ్యం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరగదు. ఒక సీటుకు ఒక మనిషే అన్న నియమం అలాగే ఉంటుంది. ప్రయోజనం వేరు: వెనకవాళ్ల తోపు ఒక వరుస దాటి ముందుకు పోదు.

కెమ్లిన్ రోడ్ అనే వీధి

సీట్ల వల్ల పోయిన సామర్థ్యాన్ని తిరిగి రాబట్టాలంటే స్టాండ్ వెనక్కో పైకో పెరగాలి. రెండు వైపులా ఇళ్లే. 1963లో కెమ్లిన్ రోడ్ వైపు 3,50,000 పౌండ్లతో 6,700 సీట్ల కాంటిలీవర్ స్టాండ్ కట్టారు. ముందు స్తంభాలు లేకుండా కప్పు వెనకనుంచి వేలాడుతుంది, కాబట్టి చూపుకు ఏదీ అడ్డు రాదు. దానికి రెండో అంతస్తు వేయాలంటే వెనకనున్న కెమ్లిన్ రోడ్ ఇళ్లన్నీ కావాలి. క్లబ్ ఒక్కో ఇల్లూ కొంటూ పోయింది. ఒక ఇంటివాళ్లు మాత్రం ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. 1990లో వాళ్లు కదిలాకే పని మొదలైంది. 1992 సెప్టెంబరు 1న, క్లబ్ నూరేళ్ల పండుగ ఏడాదిలో, సెంటినరీ స్టాండ్ పేరుతో అది తెరుచుకుంది. 2017 నుంచి దాని పేరు కెనీ డాల్గ్లిష్ స్టాండ్. కెమ్లిన్ రోడ్ మాత్రం మిగల్లేదు.

ఇల్లు అమ్మకపోయినా పక్కింటివారికి ఇంకో హక్కు ఉంటుంది. ఇంగ్లండ్ చట్టం ప్రకారం ఒక కిటికీలోంచి 20 ఏళ్లు నిరాటంకంగా వెలుగు వస్తే, ఆ వెలుగును అడ్డుకునే కట్టడాన్ని ఇంటివారు కోర్టులో సవాలు చేయవచ్చు. స్టాండ్ ఎత్తుకు ఇదొక కనబడని పైకప్పు. ఎత్తు తగ్గించుకుందామంటే ఇంకో చిక్కు. వెనక వరుసలో కూర్చున్నవాడి చూపు ముందువాడి తల మీదుగా పిచ్ అంచుకు చేరాలి. ఆ చూపు తల పైనుంచి 60 మిల్లీమీటర్లు దాటితే సర్దుకోవచ్చు, 90 అయితే బాగు, 120 అయితే చాలా బాగు. వరుసలు పెరిగేకొద్దీ ఈ తేడా నిలబెట్టడానికి మెట్టు ఎత్తు పెంచుతూ పోవాలి, వాలు మాత్రం 34 డిగ్రీలు మించకూడదు. అందుకే పై అంతస్తుకు చేర్చే ప్రతి వెయ్యి సీట్లకూ కట్టడం అనుకున్నదానికంటే ఎత్తుగా లేస్తుంది.

1998లో ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్‌కు రెండో అంతస్తు వేసినప్పుడు వేరే పాఠం ఎదురైంది. పై అంతస్తు కదులుతోందని ప్రేక్షకులు ఫిర్యాదు చేశారు. జనం లయబద్ధంగా గెంతినప్పుడు ఆ లయ కట్టడపు సహజ కంపనానికి దగ్గరైతే ఊగడం పెరుగుతుంది. నిశ్చలంగా కూర్చున్న బరువుకు సరిపడా బలం ఉన్నంత మాత్రాన చాలదు. 1999-2000 సీజన్ మొదట్లో అదనపు స్తంభాలు, ఊతాలు బిగించాల్సి వచ్చింది. అప్పటికి మొత్తం సామర్థ్యం 45 వేల దగ్గర ఆగింది.

పార్కులో కట్టని స్టేడియం

45 వేలతో లివర్‌పూల్ వెనకబడింది. 2006 నాటికి మాంచెస్టర్ యునైటెడ్ ఓల్డ్ ట్రాఫర్డ్ 76 వేలకు చేరింది, ఆర్సెనల్ 60 వేల కొత్త స్టేడియానికి మారింది. లివర్‌పూల్ కూడా స్టాన్లీ పార్కులో కొత్త స్టేడియం కట్టాలని 2002లో ప్రకటించింది. 2004లో అనుమతి వచ్చింది. తర్వాత సామర్థ్యం 60 వేలకు పెంచారు. 2007లో క్లబ్‌ను కొన్న అమెరికన్లు టామ్ హిక్స్, జార్జ్ జిలెట్ అరవై రోజుల్లో పునాదికి పార పడుతుందన్నారు. డిజైన్ మొత్తం మార్చారు. క్లబ్‌ను అప్పు చేసి కొన్నారు, 2008లో ప్రపంచమంతా అప్పు పుట్టడమే కష్టమైంది. పార పడలేదు.

ఈ ఆలస్యానికి అసలు మూల్యం చెల్లించింది ఆన్‌ఫీల్డ్ వాడ. క్లబ్ 1990ల నుంచీ మెయిన్ స్టాండ్ వెనక ఇళ్లు కొంటూ వచ్చింది. ఉంటుందో వెళ్తుందో తేలని కాలంలో వాటిని ఖాళీగా వదిలేసింది. తలుపులకు, కిటికీలకు రేకులు కొట్టిన ఇళ్లు వరుసలో నాలుగైదు ఉంటే పక్కవాళ్ల ఇల్లు కొనేవాడూ ఉండడు. ఖాళీ ఇల్లు ఇంకో ఖాళీ ఇంటిని తయారు చేస్తుంది. లోథేర్ రోడ్ లాంటి వీధుల్లో చివరిదాకా ఉన్నవాళ్ల కోపం న్యాయమైనదే. క్లబ్ అభిమానుల కథనాల్లో ఈ భాగానికి దక్కే చోటు చాలా తక్కువ.

2010 అక్టోబరులో క్లబ్ 30 కోట్ల పౌండ్లకు ఇప్పటి యజమానులు ఫెన్‌వే స్పోర్ట్స్ గ్రూప్ చేతికి వచ్చింది. 2012 అక్టోబరులో వాళ్లు పార్కు ఆలోచన పక్కనపెట్టి, ఉన్నచోటే పెంచుతామన్నారు. ఎందుకో చిన్న లెక్కలో తేలుతుంది. కొత్త స్టేడియానికి 30 నుంచి 40 కోట్ల పౌండ్లు అవుతుందనుకుంటే, 60 వేల సీట్లలో 45 వేలు క్లబ్‌కు ఇప్పటికే ఉన్నవి. కొత్తగా వచ్చేవి 15 వేలు. అంటే చేరే ఒక్కో సీటుకు 20 వేల నుంచి 27 వేల పౌండ్లు. మెయిన్ స్టాండ్ విస్తరణకు సుమారు 11 కోట్ల పౌండ్లతో 8,500 సీట్లు వచ్చాయి, సీటుకు 13 వేలు. ఆన్‌ఫీల్డ్ రోడ్ విస్తరణ అంచనా 8 కోట్ల పౌండ్లతో 7,000 సీట్లు, సీటుకు 11,400. స్టేడియం ఖర్చును మొత్తం సీట్లతో భాగించి చూడటం మామూలుగా జరిగే పొరపాటు. పాత స్టేడియం ఉన్న క్లబ్ భాగించాల్సింది అదనపు సీట్లతోనే.

ఆట ఆపకుండా కట్టడం

మెయిన్ స్టాండ్ పని 2014 డిసెంబరులో మొదలైంది. కాంట్రాక్టరు కారిలియన్. ఒక స్టాండ్ మూస్తే దాదాపు రెండు సీజన్ల ఆదాయం పోతుంది, అందుకే పాత స్టాండ్‌ను వాడుతూనే దాని వెనక, కూల్చిన ఇళ్ల స్థలంలో కొత్త ఉక్కు చట్రాన్ని లేపారు. పై అంతస్తు పాత కప్పు వెనక నుంచి దాని మీదికి పెరిగింది. కొత్త కప్పును మోసే ట్రస్ (పొడవాటి ఉక్కు దూలపు చట్రం) బరువు సుమారు 650 టన్నులు, పొడవు 140 మీటర్లు. దాన్ని నేల మీదే భాగాలుగా బిగించి, 2015 చివర్లో పెద్ద క్రేన్లతో పైకెత్తారు. పాత కప్పు తీయడం, పాత కింది అంతస్తును కొత్త కట్టడంతో కలపడం లాంటి పనులను సీజన్ అయ్యాక 2016 వేసవికి వదిలారు. అవి ఆలస్యమైతే జనాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్న సమస్య వస్తుంది. ఆ సీజన్లో లివర్‌పూల్ మొదటి మూడు లీగ్ మ్యాచ్‌లూ బయటే ఆడింది. 2016 సెప్టెంబరు 10న లీసెస్టర్ సిటీపై 4-1 గెలుపుతో స్టాండ్ మొదలైంది. మ్యాచ్ రోజు ఆదాయం ఏడాదికి 6.2 కోట్ల పౌండ్ల నుంచి 7.4 కోట్లకు పెరిగింది. ఆ ఒక్క పెరుగుదలతోనే లెక్కిస్తే పెట్టుబడి తొమ్మిదేళ్ల చిల్లరలో తిరిగి వస్తుంది. అయితే అందులో పెద్ద వాటా భోజనంతో కలిపి అమ్మే ఖరీదైన హాస్పిటాలిటీ సీట్లదని గుర్తుంచుకోవాలి.

తర్వాతిది ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్. 2021 సెప్టెంబరులో పని మొదలైంది. ఇక్కడ అడ్డు ఇళ్లు కాదు, ఆన్‌ఫీల్డ్ రోడ్డే. స్టాండ్ పాదం రోడ్డు మీదికి వస్తుంది. కాబట్టి ముందు రోడ్డును, దాని కింది పైపులతో, తీగలతో సహా, వంపు తిప్పి పక్కకు జరిపారు. జనం బయటికి వెళ్లే దారులకూ స్థలం కావాలి. గ్రీన్ గైడ్ ప్రకారం మెట్ల మీద మీటరు వెడల్పుకు నిమిషానికి 66 మంది దిగగలరని లెక్క, ఖాళీ కావడానికి గరిష్ఠ సమయం 8 నిమిషాలు. 7,000 మందికి అది 13 మీటర్లకు పైగా మెట్ల వెడల్పు. సీట్లు గాలిలోకి పెరిగినా, మెట్లు వచ్చి దిగేది నేల మీదే.

2023 ఆగస్టులో స్టాండ్ తెరవాల్సి ఉండగా కాంట్రాక్టరు బకింగ్‌హామ్ గ్రూప్ కుప్పకూలింది. ప్రధాన కాంట్రాక్టరు దివాలా తీస్తే సైటు ఒక్క రోజులో ఆగిపోతుంది, ఎందుకంటే ఉక్కు, విద్యుత్, అగ్నిమాపక పనులు చేసే చిన్న సంస్థల ఒప్పందాలన్నీ దాని పేరు మీదే ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు అప్పటిదాకా జరిగిన పని ఎంతవరకు సరైనదో మళ్లీ తనిఖీ చేయాలి, లేకపోతే వాళ్ల పూచీకత్తు చెల్లదు. స్థానిక పాలనా సంస్థ భద్రతా ధ్రువపత్రం ఇవ్వనిదే ఒక్క ప్రేక్షకుడినీ లోపలికి పంపకూడదు. రేనర్ రోవెన్ సంస్థ మిగతా పని చేపట్టింది. నెలల తరబడి కింది అంతస్తు నిండుగా, పై అంతస్తు ఖాళీగా మ్యాచ్‌లు నడిచాయి. డిసెంబరు 17న మాంచెస్టర్ యునైటెడ్ వచ్చినప్పుడు పై అంతస్తులో కొంత తెరిచారు, 57,158 మంది వచ్చారు. 2024 ఫిబ్రవరి 10న బర్న్‌లీతో మ్యాచ్‌కు 59,896 మంది వచ్చి ఆన్‌ఫీల్డ్ లీగ్ రికార్డును తిరగరాశారు. మెయిన్ స్టాండ్ కట్టిన కారిలియన్ కూడా 2018 జనవరిలో దివాలా తీసింది. అప్పటికి స్టాండ్ అప్పగించి ఏడాదిన్నర అయింది. అది అదృష్టమే తప్ప ముందుచూపు కాదు.

మిగిలింది నాలుగు మీటర్లు

పార్కు అవతలి ఎవర్టన్ ఇదే సమస్యకు వేరే జవాబు ఎంచుకుంది. 2025లో దాని పురుషుల జట్టు గూడిసన్ పార్క్ వదిలి, బ్రామ్లీ మూర్ రేవులో నది ఒడ్డున దాదాపు 53 వేల సీట్ల కొత్త స్టేడియానికి మారింది. 2028 యూరో (ఐరోపా దేశాల ఫుట్‌బాల్ టోర్నీ) పోటీలకు లివర్‌పూల్ నగరం నుంచి ఎంపికైంది ఈ చిన్న స్టేడియమే, పెద్దదైన ఆన్‌ఫీల్డ్ కాదు. ముఖ్య కారణం పిచ్ పొడవు. పెద్ద అంతర్జాతీయ పోటీలకు అడిగే కొలత 105 × 68 మీటర్లు. ఆన్‌ఫీల్డ్ పిచ్ 101 × 68. 1996 యూరోలో ఇక్కడ నాలుగు మ్యాచ్‌లు జరిగాయి, అప్పటి నిబంధనలు వేరు.

ఆ నాలుగు మీటర్లు తేవాలంటే ఒక గోల్ వైపు ఐదారు వరుసల సీట్లు తీసేయాలి. కాప్ వైపు వెనక వాల్టన్ బ్రెక్ రోడ్ ఉంది, అవతలి వైపు ఇప్పుడే జరిపిన ఆన్‌ఫీల్డ్ రోడ్ ఉంది. పోయిన వరుసలను వెనక చేర్చే వీలు లేదు. పైగా గోల్ లైన్ దగ్గరికి జరిగితే పై వరుసల నుంచి దాన్ని చూసే కోణం నిటారు అవుతుంది. ముందువారి తల మీదుగా 90 మిల్లీమీటర్లు దాటిన చూపు 60కి దిగొచ్చు, అంతకన్నా తగ్గొచ్చు. సరిచేయాలంటే మెట్లన్నీ మళ్లీ పోత పోయాలి, అంటే స్టాండే మళ్లీ కట్టాలి.